నాలుక కింది గాలి

మా అమ్మాయి వీర్లె గ్యాసు సిలిండర్ ఎత్తుకుని పెరటి గుమ్మంలోకి వచ్చేసరికి నేను వంటింట్లో రస్కులకు వెన్న రాస్తున్నాను. జూన్ వచ్చిందంటే మా ఇంట్లో మధ్యాహ్నం తిండి అదే. గుండ్రటి రస్కు, వెన్న, దాని మీద చిదిమిన స్ట్రాబెర్రీలు, పైన కాస్త పంచదార. సిలిండర్ పెద్దదేమీ కాదు, ఏడాది నిండని బిడ్డంత ఉంది. బిడ్డను ఎత్తుకున్నట్టే చంకనేసుకుని నిలబడింది కూడా. దాని మెడకు అంటించిన చీటీ మీద పేరు చదివాను. చదివి, చేతిలో చాకు బల్ల మీద పెట్టేశాను.

స్టిక్‌స్టొఫ్ మోనాక్సైడ్ అని ఉంది.

మా డచ్చి భాషలో నత్రజనిని స్టిక్‌స్టొఫ్ అంటాం. ఊపిరాడనివ్వని సరుకు అని దాని అర్థం. ఎవరు పెట్టారో గానీ తెలియకుండా పెట్టి ఉండరు. ఇక మోనాక్సైడ్ అన్న మాటకు నాకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. నా చిన్నప్పుడు మా కీస్ మామయ్య స్నానానికని వెళ్ళి, నీళ్ళు కాచే గీజరు సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ వదిలితే, స్నానాలగదిలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. రంగు లేదు, వాసన లేదు. మామయ్య ముఖం నిగనిగలాడుతూ ఎర్రగా ఉందని మా అమ్మ చెబుతుండేది. ఆ మాట విన్నప్పటినుంచి ఎవరి బుగ్గలైనా మరీ ఎర్రగా కనబడితే నాకు భయం వేస్తుంది. అలాంటిది ఈ రెండు మాటల్నీ ఒకే సీసా మీద అంటించి, దాన్ని నా కూతురి చంకన పెట్టి పంపారు.

వీర్లె పండ్ల పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. చదువు బాగా అబ్బింది, ఎవరి పోలికో తెలియదు. నేను పద్నాలుగో ఏట బడి మానేసి కోతల్లో చేరినదాన్ని. ఆ సీసాను బయటే పెట్టి రమ్మన్నాను. పెట్టి వచ్చింది, చేతులు కడుక్కుంది, రస్కు తీసుకుంది. అంతలో మా ఆయన డ్రీస్ పొలంలోంచి వచ్చాడు. గుమ్మం పక్కన సిలిండర్ చూసి, చీటీ చదివి, నవ్వుతూ లోపలికొచ్చాడు.

"ఇన్నేళ్ళుగా సర్కారు ఎరువుల్లో స్టిక్‌స్టొఫ్ తగ్గించండి, లేదంటే పొలాలు మూసేయండి అని మా రైతుల గొంతు మీద కూర్చుంది. నా కూతురు చూడు, సీసాలో పట్టి ఇంటికే తెచ్చింది" అన్నాడు.

వీర్లె నవ్వింది. నేను నవ్వలేదు.

అప్పుడు నిదానంగా కూర్చోబెట్టి చెప్పింది. స్ట్రాబెర్రీ కోశాక రెండు మూడు రోజుల్లో మెత్తబడి బూజు పడుతుంది, అది నాకూ తెలుసు. అయితే మొక్క తన ఒంట్లో తానే ఈ గాలిని కొద్దికొద్దిగా తయారుచేసుకుంటుందట. దాహం వేసినా, దెబ్బ తగిలినా, చలి పెట్టినా ఇది పుట్టి మిగతా ఒళ్ళంతటికీ కబురు చెబుతుందట. కాయ పచ్చిగా ఉన్నప్పుడు అందులో ఇది ఎక్కువ, పండేకొద్దీ తగ్గిపోతుంది. కోసిన పండును పెట్టెలో మూసి, బయటినుంచి ఈ గాలి ఒక్క పిసరు అందిస్తే, పండు తనకింకా వయసు రాలేదనుకుని మెత్తబడడం వాయిదా వేస్తుందట.

"మీ అమ్మకీ ఒక పెట్టె చేయించు" అన్నాడు డ్రీస్.

పిసరు కాక ఎక్కువైతే ఏమవుతుందని అడిగాను. వీర్లె అబద్ధం చెప్పే పిల్ల కాదు. ఎక్కువైతే పండు మీద మచ్చలొస్తాయి, తొడిమ నల్లబడుతుంది, మనుషులకూ మంచిది కాదు అంది. మామూలు గాలి తగిలితే అది మెల్లగా ఇంకో గోధుమరంగు గాలిగా మారుతుంది, అది ఇంకా చెడ్డది, అందుకే పెట్టెలోంచి మామూలు గాలిని ముందే తోసేసి ఉత్త నత్రజనితో నింపుతాం, సిలిండర్‌లో కూడా దాదాపు అంతా నత్రజనే, అసలు సరుకు అందులో ఉప్పు చిటికెడంత అని చెప్పింది. నాకు మాత్రం పెట్టెలోంచి గాలి తోసేస్తాం అన్న ముక్క దగ్గరే చెవులు మూసుకుపోయాయి.

కేంద్రంలో ఇది పనిచేస్తుందని ముందే తేలిందట. కోసిన గంటలోపే, రైతు సొంత చల్లగదిలో, మామూలు రైతుకు వీలయ్యే పద్ధతిలో చేయొచ్చా అన్నదే ఇప్పుడు చూడాలట. ఆ పరీక్ష వీర్లెది. తన పేరు మీద ఇచ్చిన మొదటి పరీక్ష. తన ఉద్యోగం ఆకురాలు కాలం దాకానే. ఈ పరీక్ష చేసి చూపిస్తే కొనసాగిస్తామన్నారు. ఆరుబయట పండే జూన్ కాయ ఇంకో వారమే ఉంటుంది. ఈసారి తప్పితే మళ్ళీ వచ్చే జూన్, అప్పటికి తను ఆ కేంద్రంలో ఉండదు.

మన చల్లగదిలో వద్దు అన్నాను. ఇంకో రైతు దగ్గర చేసుకో అన్నాను.

"ఎవరింట్లో చేసినా నువ్వు భయపడతావు కదమ్మా. ఇక్కడైతే నీ కళ్ళెదుట ఉంటా" అంది.

చల్లగదిలో ఒక మూల ఖాళీ చేసి ఇచ్చాను.

ఆ సాయంత్రం సైకిలు మీద వెళ్ళి జుండెర్ట్ రోడ్డు పక్కన మరియమ్మ గుళ్ళో కొవ్వొత్తి వెలిగించాను. చిన్నది కాదు, పెద్దదే. తిరిగి వచ్చి, స్నానాలగది గోడ మీద ఉన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం ఊడదీశాను. వీర్లె చొక్కా కాలరుకు ఈ గాలిని పసిగట్టే మీటరు ఒకటి, వాళ్ళ కేంద్రం ఇచ్చింది, ఉంది, నిజమే. కానీ అది వాళ్ళది. ఇది మాది. డ్రీస్ గుండె జబ్బు బయటపడ్డ ఏడాది నేనే కొన్నాను, ఇంట్లో ఏ రకంగానూ మనిషి పోకూడదని. దాన్ని తీసుకెళ్ళి చల్లగదిలో ఖాళీ ట్రేల వెనకాల, ఎవరికీ కనబడకుండా దాచాను. పెట్టేటప్పుడు దాని మీద శిలువ గుర్తు కూడా వేశాను.

మర్నాడు శనివారం, పొద్దున మంచు ఆరగానే పోలండ్ నుంచి వచ్చిన మా కోతవాళ్ళు కాయ కోశారు. వీర్లె ఒకే మడిలోది, ఒకే సైజుది, మచ్చలేనిది ఏరుకుంది. కేంద్రం నుంచి తెచ్చిన రెండు పెట్టెలు మా పాత ఫ్రిజ్జంత పొడుగున్నాయి, ముందు వైపు అద్దం, చుట్టూ రబ్బరు పట్టీ, నాలుగు మూలలా క్లిప్పులు. రెండింట్లోనూ ఒకేలాంటి పళ్ళు పెట్టింది. రెండింట్లోనూ నత్రజని నింపింది. ఒకదాంట్లోకి మాత్రమే ఆ పిసరు వదిలింది. పని అయ్యాక లోపలి గాలి గొట్టంలోంచి నీళ్ళ సీసా గుండా బయటికి పోయేలా గోడకు కన్నం చేయించింది. అన్నీ ముచ్చటగా ఉన్నాయి.

రెండు గంటలపాటు పెట్టెలు అలా మూసి ఉండాలి. వీర్లె చల్లగది పక్కనున్న షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుంది. నేను మొదట కాఫీ తీసుకెళ్ళాను. తరవాత బిస్కెట్టు. తరవాత స్వెట్టరు. మోనాక్సైడ్ ఎక్కితే మనిషికి మతి తప్పుతుందని ఎక్కడో చదివాను కాబట్టి, వెళ్ళిన ప్రతిసారీ ఒక ప్రశ్న అడిగాను. మీ అమ్మమ్మ పుట్టినరోజెప్పుడు అని. మన మొదటి కుక్క పేరేమిటి అని. పిల్ల మొదట సరిగ్గానే చెప్పింది. మూడోసారి అనుమానంగా చూసింది.

"నువ్వు నన్ను పరీక్షిస్తున్నావు" అంది.

"చెప్పు ముందు."

"మాక్స్. గోధుమరంగుది. కుంటిది. పోస్టుమేన్‌ని కరిచింది. చాలా?"

చాలు అన్నాను. చాలలేదు.

కోతవాళ్ళు మధ్యాహ్నానికి పని ముగించి, వారం చివర కదా అని బ్రెడా పట్నం వెళ్ళిపోయారు. డ్రీస్ పొలం ఆ చివర నీటి పైపులు చూసుకుంటున్నాడు. నేను నాలుగోసారి షెడ్డులోకి వెళ్ళేసరికి స్టూలు ఖాళీగా ఉంది. చల్లగది తలుపు ఓరగా తెరిచి ఉంది. వీర్లె లోపల, పెట్టెల ముందు ఒంగి, ఉష్ణోగ్రత చూస్తోంది. అప్పుడే వినబడింది.

కీచ్.

ఒక్కటే. పిట్టపిల్ల నొక్కుకుపోయినట్టు. ట్రేల వెనకాల నుంచి వచ్చింది, నా అలారం దగ్గరినుంచి.

ఆ తరవాత నేను చేసిందంతా మా అమ్మ నేర్పిందే. ఈ దేశంలో ఏ ఆడదాన్ని అడిగినా ఇదే చెబుతుంది. గాలి చెడితే కిటికీలు తెరువు, తలుపులు తెరువు, గాలి ఇటునుంచి అటు ఆడనివ్వు. జబ్బు చేసినా, పొగ నిండినా, మనిషి పోయినా ముందు గది గాలాడనిస్తాం. వీర్లె చెయ్యి పట్టి బయటికి ఈడ్చాను. పిల్ల ఏమిటేమిటి అంటోంది. షెడ్డు పెద్ద తలుపులు రెండూ బార్లా తోశాను. విషం పెట్టెలోనే ఉంది కదా, దాన్ని వదిలించాలి కదా అనుకుని, ఏప్రన్ మూతికి అడ్డం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి మళ్ళీ లోపలికి పోయి, రెండు పెట్టెల క్లిప్పులూ పటపటా ఊడదీసి అద్దాలు తెరిచేశాను. బయటికొచ్చి డ్రీస్, డ్రీస్ అని పొలం అదిరేలా కేక పెట్టాను.

నా కేక విని డ్రీస్ పరుగెత్తాడు. పరుగెత్తకూడదు, డాక్టరు చెప్పి ఉన్నాడు. స్ట్రాబెర్రీ వరసల మధ్య గడ్డి జారుతుంటే పడుతూ లేస్తూ వచ్చాడు. షెడ్డు దాకా వచ్చి, వీర్లె నిలబడి ఉందని చూసి, ఆగి, అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు.

అక్కడ మాత్రం నేను వణకలేదు. బోర్లించిన ట్రే మీద కూర్చోబెట్టాను. నిలబడితే కళ్ళు తిరుగుతాయి, ముందు కూర్చోబెట్టాలి. ఏప్రన్ జేబులోంచి ఆయన గుండె మందు, ఎర్ర మూత స్ప్రే సీసా తీశాను. నాలుక పైకెత్తు అన్నాను. ఎత్తాడు. నాలుక కింద ఒకసారి కొట్టాను. నోరు మూసుకో అన్నాను. ఆయన మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. తగ్గకపోతే ఇంకోసారి, అప్పటికీ తగ్గకపోతే అంబులెన్సు. ముఖం చూశాను. పాలిపోయి ఉంది. పాలిపోవడమే నయమనిపించింది. కాసేపటికి బుగ్గల్లోకి రంగొచ్చింది, భుజాలు దిగాయి.

"నొప్పి పోయింది, రీట్. మణికట్టు వదులు, తిమ్మిరెక్కింది" అన్నాడు.

వదిలాను. అప్పుడే మళ్ళీ వినబడింది.

కీచ్.

వీర్లె చల్లగదిలోకి వెళ్ళింది. నేను అరిచినా ఆగలేదు. ట్రేలు ఒక్కొక్కటీ జరిపి, అలారం పట్టుకుని బయటికొచ్చింది. దాన్ని తిప్పి చూసింది. నన్ను చూసింది. నిజంగా గాలి చెడితే అది వరసగా నాలుగు నాలుగు చొప్పున కుయ్యోమంటుందట. అప్పుడప్పుడు ఒక్క కీచుమంటే బ్యాటరీ అయిపోవస్తోందని. రాత్రంతా చలిలో పెడితే బ్యాటరీ నీరసించింది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తలుపు బార్లా తెరిచిన పెట్టెల ముందు నేల మీద కూర్చుండిపోయింది. పెట్టిన గాలి పోయింది, పరీక్ష పోయింది, ఈ పళ్ళు ఇక పారెయ్యడానికే అంది. సోమవారం వాన అన్నారు. తడిసిన కాయ దీనికి పనికిరాదు, వాన తరవాత ఈ మడి అయిపోయినట్టే. గొంతు చాలా మామూలుగా ఉంది. దానికి ఏడుపొచ్చినప్పుడు గొంతు అలాగే మామూలైపోతుంది, చిన్నప్పటినుంచీ.

నాకూ ఏడుపొచ్చింది, కానీ నోట్లోంచి వచ్చింది వేరు. "ఉద్యోగం పోతే పోనీ. నువ్వు ఊపిరి పీలుస్తున్నావు, అది చాలు నాకు. ఆ గాలి మళ్ళీ ఈ ఇంటి గడప తొక్కదు."

వీర్లె తలెత్తింది.

"అమ్మా, అది ఈ ఇంటికొచ్చి రెండేళ్ళయింది. నీ ఏప్రన్ జేబులో ఉంది."

అర్థం కాలేదు. జేబు తడుముకున్నాను. ఎర్ర మూత సీసా, చేతిరుమాలు, బట్టల క్లిప్పు.

"అదే. నాన్న నాలుక కింద నువ్వు కొట్టే మందు. ఒంట్లోకి వెళ్ళాక అది ఈ గాలినే వదులుతుంది. గుండెకు పోయే రక్తనాళాలు ఆ గాలి తగిలి వదులవుతాయి, నొప్పి తగ్గుతుంది. ఇంగ్లీషువాళ్ళు నైట్రిక్ ఆక్సైడ్ అంటారు. ఆ పేరుతో చెప్పి ఉంటే నువ్వు కాఫీ ఇచ్చి ఊరుకునేదానివి. మన భాషలో చీటీ అంటించారు, అదే వచ్చింది తంటా."

డ్రీస్ ట్రే మీద నుంచి ముందుకు వంగాడు.

"అంటే ఇన్నాళ్ళూ మీ అమ్మ నా నోట్లో స్టిక్‌స్టొఫ్ కొడుతోందన్నమాట" అన్నాడు. "సర్కారుకి చెప్పకండి, నన్ను కూడా మూసేయమంటారు."

వీర్లెకి నవ్వాగలేదు. ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. నేను ఆ సీసా అరచేతిలో పెట్టుకుని చూశాను. చర్చికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, ఇంట్లో ఏప్రన్ మార్చినా ముందు కొత్త జేబులోకి మార్చుకునేది దాన్నే. పడుకునేటప్పుడు దిండు పక్కన పెట్టుకుంటాను. అందులోంచి వచ్చేది మా ఆయన్ని నాకు తిరిగిస్తోందని ప్రతిసారీ అనుకున్నాను. దాని పేరు మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఎక్కువ కొట్టకూడదని డాక్టరు నాకు ఎన్నిసార్లు చెప్పాడో, ఎక్కువైతే రక్తపోటు పడిపోతుందని. ఒక్క పిసరు. వీర్లె కూడా ఆ మాటే అంది, నేను వినలేదు.

మోనాక్సైడ్ అని ఉంది కదా, మరి మామయ్యను చంపింది అదే కదా అన్నాను. వీర్లె నా పక్కకు వచ్చి కూర్చుని చెప్పింది. మోనాక్సైడ్ అంటే ఒక ఆక్సిజన్ అని మాత్రమేనట. దేనికి అంటుకుంటే దాని గుణం వస్తుందట. బొగ్గుకు అంటుకుంటే ఒకటి, నత్రజనికి అంటుకుంటే ఇంకొకటి. ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు అంది. ఆ మాట నాకు అర్థమయింది. మా డ్రీస్ ఇంటిపేరుతోనే ఊళ్ళో ఇంకొకడున్నాడు, వాడికి నేను ఒక కాయ కూడా అమ్మను.

అయినా జాగ్రత్తగానే ఉండాలి కదా అని అడిగాను. ఉండాలి అంది, అందుకే మీటరు, అందుకే గొట్టం, అందుకే నేను స్టూలు మీద కూర్చున్నది అంది. భయం లేదని చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాను. ఉండాలి అన్నందుకు నమ్మాను.

"రేపు ఆదివారం. వాన సోమవారం" అన్నాను.

"కోసేవాళ్ళు ఎవరమ్మా? అందరూ బ్రెడాలో ఉన్నారు."

నేను నా చేతులు చూపించాను.

పద్నాలుగేళ్ళప్పుడు మొదలుపెట్టిన చేతులు అవి. పండు నలగకుండా కోయడం ఒక పద్ధతి. కాడను బొటనవేలి గోటికీ చూపుడువేలికీ మధ్య పట్టి, తొడిమకు కాస్త పైన గిల్లాలి. పండు అరచేతిలోకి తనంతట తాను రావాలి. నొక్కితే అక్కడే మర్నాడు బూజు. డ్రీస్ మోకాళ్ళ మీద కూర్చోకూడదన్నాను, చిన్న స్టూలు మీద కూర్చోబెట్టి ఏరే పని ఇచ్చాను. ఆయన ఏరినదానికంటే తిన్నదే ఎక్కువ అని వీర్లె అంది. ఆరోగ్యానికి అన్నాడు. ఆదివారం పూజకు మేము వెళ్ళలేదు. దేవుడికి కొవ్వొత్తి ముందే ఇచ్చుకున్నాను కదా. మంచు ఆరిన దగ్గరినుంచి ఎండ ముదిరేలోపు ముగ్గురమూ ఒకే మడిలో, వీర్లె అడిగిన సైజు, అడిగిన ఎరుపు, మచ్చలేనివి కోశాం. చిన్నప్పుడు వీర్లె నా వెనకాలే వరసలో నడుస్తూ నేను వదిలేసిన పళ్ళు ఏరుకునేది. ఈసారి తను ముందు నడిచింది, నేను వెనక.

పెట్టెలు నింపింది. నత్రజని నింపింది. రబ్బరు పట్టీ అంతా వేలితో తడిమి చూడమని నాకే చెప్పింది. తడిమాను. ఒక మూల గడ్డిపోచ అంటుకుని ఉంది, తీసేశాను. అది చూసి వీర్లె సిలిండర్ పక్కకు జరిగి నిలబడింది.

"ఈసారి నువ్వే తిప్పమ్మా."

వద్దన్నాను. నా చేతులు వణుకుతాయి, ఎక్కువ వదిలేస్తాను, పళ్ళు మాడిపోతాయి, మనం పోతాం అన్నాను. సిలిండర్‌కు ఒక చిన్న గొట్టం ఉంది, అందులో ఒక పూస. పూస ఎర్రగీత దాటకుండా చూడు, అంతే అంది. నేను వాల్వు మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. వీర్లె వెనకనుంచి నా భుజం మీద గడ్డం ఆనించింది.

"అమ్మమ్మ పుట్టినరోజెప్పుడు?" అని అడిగింది.

"మార్చి పంతొమ్మిది. సెయింట్ జోసెఫ్ రోజు."

"మన మొదటి కుక్క?"

"మాక్స్. పోస్టుమేన్‌ని కరవలేదు, నీకెవరు చెప్పారు, మీ నాన్న కట్టిన కథ అది" అంటుండగానే పూస లేచి, గీత దగ్గర నిలబడింది. వీర్లె ఇక చాలు అంది. మూసేశాను.

ఆ రెండు గంటలూ షెడ్డులో ముగ్గురమూ కూర్చున్నాం. నేను ఎవరినీ ఏ ప్రశ్నా అడగలేదు. అలారం మాత్రం కొత్త బ్యాటరీతో స్టూలు కింద పెట్టుకున్నాను. అది కార్బన్‌ది, దీన్ని పసిగట్టదు అని వీర్లె చెప్పింది. తెలుసులే, ఉండనీ అన్నాను. వీర్లె తన కాలరు మీటరు తీసి నా ఏప్రన్‌కు తగిలించింది.

సోమవారం వాన పడింది. ఆ వారమంతా రెండు రకాల పళ్ళూ మా చల్లగది బయట ఒకే బల్ల మీద, గుడ్డ కప్పుకుని ఉన్నాయి. నేను పొద్దున లేచి కాఫీ కంటే ముందు వాటిని చూసేదాన్ని. బుధవారానికి ఒక ట్రేలో మూలన బూడిదరంగు నూగు మొదలైంది, తొడిమలు వాలిపోయాయి. రెండో ట్రేలో పళ్ళు మెరుస్తూనే ఉన్నాయి, తొడిమ ఆకులు ఇప్పుడే కోసినట్టు పైకి లేచి ఉన్నాయి. ఏది ఏదో వీర్లె నాకు చెప్పలేదు, చీటీలు అడుగున అంటించింది. నాకు చెప్పనక్కర్లేదు. గురువారం కేంద్రం నుంచి ఇద్దరు వచ్చి ఫోటోలు తీసుకుని, పళ్ళను నొక్కే పరికరం ఒకటి తెచ్చి నొక్కి చూసి, కొన్ని డబ్బాల్లో పెట్టుకుని వెళ్ళారు. వాళ్ళు ఉన్నంతసేపూ వీర్లె గొంతు మామూలుగా లేదు, పైకి లేచి లేచి పోతోంది. సంతోషం వచ్చినప్పుడు అలా. వెళ్తూ వెళ్తూ వాళ్ళలో పెద్దాయన, ఆకురాలు కాలంలో ఉద్యోగం ఆగిపోతుందన్న మాట మరిచిపో అన్నట్టు ఏదో అన్నాడు. సరిగ్గా ఏమన్నాడో వీర్లె ఎన్నిసార్లు చెప్పినా నాకు గుర్తుండడం లేదు. పిల్ల ముఖమే గుర్తుంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపుకి నాకు భయం వేయలేదు.

వాళ్ళ కారు మలుపు తిరగగానే డ్రీస్ రెండో ట్రేలోంచి ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. పరీక్ష పళ్ళు తినొద్దని వీర్లె ముందే చెప్పింది. ఏమీ కాలేదు, నాకు అలవాటే కదా ఆ గాలి అన్నాడు. నేను ఆయన మణికట్టు పట్టుకుని గడియారం చూశాను, ఎందుకైనా మంచిదని.

తరవాత సెప్టెంబరులో పియర్ పళ్ళట. ఈసారి పెట్టె గదంత ఉంటుందట, మనిషి నిలబడి లోపలికి వెళ్ళేంత. వీర్లె ఫోనులో ఆ సంగతి చెప్పినప్పుడు నేను మంచిది తల్లీ అన్నాను, చాలా మంచిది అన్నాను. ఫోను పెట్టేసి సైకిలు తీసి జుండెర్ట్ వెళ్ళి, బ్యాటరీలు రెండు జతలు కొన్నాను.